జయపూరు దారిలో జనక్‌పురి మజిలీ

జనక్‌పురి అనగానే తెలుగువారి మనస్సు మిథిల వైపు పోవడం సహజము. ఇక్కడ శివధనుస్సూ లేదు, స్వయంవర మంటపమూ లేదు. దేశ రాజధానికి పడమట ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ తీర్చిదిద్దిన నివాస ప్రాంతమిది. అక్షరాల పేర్లతో బ్లాకులు, వాటి నడుమ పార్కులు, ఒక అంచున నిత్యం రద్దీగా ఉండే పంఖా రోడ్డు. 2005 డిసెంబరు 31న మెట్రో బ్లూ లైను, 2018లో మెజెంటా లైను ఇక్కడికి చేరాయి. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఉన్నందున బదిలీపై వచ్చే మనవారికి ఈ కాలనీ కొత్తచోటుగా తోచదు.

అయినను మాకు ఇక్కడ బాగా గుర్తున్న చోటు ఒక చిన్న మరమ్మతు షెడ్డు.

మేము మూడు కుటుంబాలవారము, పిల్లలతో కలిపి ఏడుగురము, జయపూరు చూడగోరి అద్దె వ్యానులో తెల్లవారుజామున బయలుదేరాము. సుమారు 270 కిలోమీటర్ల ప్రయాణం. పులిహోర, దద్దోజనం సిద్ధం. కాలనీ దాటకముందే, మొదటి ఎర్రదీపం వద్ద బ్రేకు పెడలు మామూలుకంటె లోతుకు దిగిపోయినది. డ్రైవరు రెండవసారి తొక్కగా గట్టిపడి బండి ఆగినది. అతడు మారుమాట లేక వ్యానును పక్కకు తీశాడు.

రెండుసార్లు తొక్కితే పడుతున్నది కదా, నెమ్మదిగా పోదామని ఒకరన్నారు. అడ్డువచ్చినవాడు మనం రెండవసారి తొక్కేదాకా ఆగడు బాబూజీ, అని డ్రైవరు జవాబు. లెక్క వేసి చూస్తే అతని మాటే నిజము. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు సాగుతుంది.

షెడ్డు యజమాని వృద్ధుడు. డ్రైవరు ఆయనను ‘ఉస్తాద్‌జీ’ అని పిలిచాడు. ఆయన పనిముట్టు పట్టకముందు పెడలు మీద తన పాదం మోపి కొంతసేపు ఊరకున్నారు. వైద్యుడు నాడి చూచినట్లే ఉన్నది! పెడలు స్పాంజివలె మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరినదనుకోవాలి. రాయివలె బిగుసుకుంటే బూస్టరుకు వాక్యూమ్ అందడం లేదేమో చూడాలి. తొక్కినపుడు పాదం కింద అదురుతుంటే డిస్కో, డ్రమ్మో వంకరపోయి ఉండవచ్చును. మా వ్యాను పెడలు ఈ మూడింటిలో దేనికీ చెందలేదు. పంపు కొట్టినట్లు తొక్కితే గట్టిపడుతున్నది, అలాగే నొక్కిపెడితే మెల్లగా కిందికి జారిపోతున్నది.

డబ్బాలో బ్రేకు ఫ్లూయిడ్ కనీసపు గీత కంటె కొద్దిగా దిగువన ఉన్నది. నాలుగు చక్రాల లోపలి వైపు చూశారు, తడి లేదు. గొట్టాల వెంట వేలితో తడిమారు, అక్కడా లేదు. మరి ఆ ఫ్లూయిడ్ ఎటు పోయినట్లు? పాదపు బలాన్ని ఒత్తిడిగా మార్చి చక్రాలకు పంపే మాస్టర్ సిలిండరును విప్పి ముందుకు లాగగా సంగతి బయటపడినది. దాని వెనుక కొసనున్న రబ్బరు సీలు అరిగి, ఫ్లూయిడ్ బూస్టరులోకి కారుతున్నది. నేలమీద ఒక్క చుక్క పడని కారుడు!

సమీపంలోని మాయాపురి పాత బండ్ల విడిభాగాలకు పేరుపొందిన సంత. అక్కడ పాత సిలిండరు చవకగా దొరుకుతుందని ఎవరో అనగా ఉస్తాద్‌జీ అంగీకరించలేదు. దానిలోని రబ్బరు వయస్సు ఎవరికి తెలుసునన్నారు. ఆ పాత సామానులోనే 2010లో కోబాల్ట్-60 బయటపడి, రేడియోధార్మికతకు గురైన ఒకరు మరణించిన సంగతి మాకు స్ఫురించినది. చరిత్ర తెలియని వస్తువును కొనడానికి మాకూ మనసొప్పలేదు.

కొత్త సిలిండరు కోసం దుకాణం తెరిచేదాకా ఆగవలసి వచ్చినది. పిల్లలు పార్కులో ఆటకు దిగారు. పులిహోర జనక్‌పురిలోనే సగమైనది, షెడ్డులోని కుర్రవానికీ ఒక పొట్లం ముట్టినది.

పాత ఫ్లూయిడ్ టీ డికాక్షనువలె నల్లబడి ఉన్నది. ఇది గాలిలోని తేమను పీల్చుకొనే ద్రవము. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగదు. తేమ పట్టినదానికి ప్రమాణం 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడలు చప్పబడిపోతుంది. దానికి బదులు ఇంజనాయిలు పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయట.

సిలిండరు బిగించాక గాలి తీసే పని మొదలైనది. డ్రైవరు పెడలు నొక్కి పట్టుకోగా, ఉస్తాద్‌జీ దూరపు వెనుక చక్రం నిప్పిలు వదులు చేశారు. సీసాలో ముంచిన పారదర్శకపు గొట్టంలో బుడగలు బారులుగా వచ్చాయి. నిప్పిలు బిగించిన తరువాతనే పెడలు విడవాలి, లేకున్న గాలి తిరిగి లోపలికి పోతుంది. బుడగలు ఆగేవరకు నాలుగు చక్రాలకూ ఇదే తంతు. మా పిల్లలు ఆట మాని వచ్చి బుడగలు లెక్కపెట్టారు.

చివరకు ఇంజను ఆపి, పెడలును పలుమార్లు తొక్కి, నిమిషంపాటు నొక్కిపెట్టారు. జారలేదు. అలా నొక్కి ఉంచగానే ఇంజను స్టార్టు చేయగా పెడలు కొంచెం దిగినది. బూస్టరు పనిచేస్తున్నదనుటకు అది గుర్తు. బూస్టరులో చేరిన ఫ్లూయిడ్‌ను తుడిచారు గానీ, లోపలి రబ్బరు పొర దెబ్బతిన్నదేమో తిరిగి వచ్చాక మరల చూపించమని గట్టిగా చెప్పారు.

ఒంటిగంట దాటాక బయలుదేరి రాత్రికి జయపూరు చేరాము. మరునాడు నాహర్‌గఢ్ కొండ దిగేటప్పుడు డ్రైవరు గేరు తగ్గించి, బ్రేకు మీద పాదం ఊరకే ఆన్చి ఉంచకుండా మలుపు మలుపునా నిదానంగా దించాడు. పెద్దలమందరమూ అతని పాదం వైపే చూస్తుండగా, పిల్లలు కిటికీలోనుండి జలమహల్‌ను చూపి కేరింతలు కొట్టారు.