ఇంటిపేరు దాచుకున్న రచయిత

తండ్రి పేరు చెబితే చాలు, పని అయిపోయే చోట ఆ పేరే వద్దనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఇటలీలోని మిలాన్‌లో అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. పేరు సెర్జియో బొనెల్లి.

తండ్రి జాన్ లుయిజి బొనెల్లి బొమ్మల కథలకు పెట్టింది పేరు. 1948లో చిత్రకారుడు ఆరేలియో గలెప్పినీతో కలిసి 'టెక్స్ విల్లర్' అనే కౌబాయ్‌ని సృష్టించారు. తమాషా ఏంటంటే, అప్పట్లో వాళ్లు ఆశలు పెట్టుకుంది 'ఓక్కియో కూపో' అనే మరో వీరుడి మీద. గలెప్పినీ పగలంతా అతని బొమ్మలు గీసి, టెక్స్ పని రాత్రిళ్లు చేసేవారట. ఓక్కియో కూపోని జనం మర్చిపోయారు. టెక్స్ మాత్రం ఇప్పటికీ గుర్రం దిగలేదు! మన పక్కనే, శివకాశి లయన్ కామిక్స్ పుణ్యమా అని తమిళంలోనూ తుపాకీ పేలుస్తున్నాడు.

భార్యాభర్తలు విడిపోయాక ప్రచురణ సంస్థను నెట్టుకొచ్చింది తల్లి తేయా. 1957లో ఆ బరువు సెర్జియో మీద పడింది. లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే సరిపోయేదే. కానీ ఆయనకు రాయాలనుంది. ఇంటిపేరుతో రాస్తే తండ్రితో కలగాపులగం అవుతుంది. అందుకే 'గ్విదో నొలిట్టా' అయ్యారు. 1961లో గలియేనో ఫెర్రీ బొమ్మలతో వచ్చిన 'జగోర్' ఆ పేరుతోనే రాశారు. చేతిలో గొడ్డలి, డార్క్‌వుడ్ అడవి, వెంట తిండిపోతు చీకో. వీరుడి పక్కన నవ్వించేవాడు ఉంటే కథకు ఎంత ఊపిరి ఆడుతుందో మన సినిమాలు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పటి యుగోస్లావియా, టర్కీల్లోనూ జగోర్‌ని సొంతం చేసుకున్నారు.

అసలు నొలిట్టా 1975లో బయటపడ్డాడు. 'మిస్టర్ నో' కథానాయకుడు జెర్రీ డ్రేక్ యుద్ధం నుంచి వచ్చిన అమెరికన్ పైలట్. బ్రెజిల్‌లోని మనౌస్‌లో చిన్న విమానంలో యాత్రికుల్ని తిప్పుతుంటాడు. ఎవరి హుకుం అతనికి పడదు. సెర్జియోకు అమెజాన్ అడవులంటే ప్రాణం, స్వయంగా తిరిగొచ్చారు. మిలాన్ ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయిన మనిషి ఆ కుర్చీ అంటేనే గిట్టని హీరోని రాయడంలో వింతేముంది?

కుర్చీ మాత్రం వదల్లేదు. 1980ల నాటికి నొలిట్టా కలం బాగా నెమ్మదించింది. ఆ తీరిక లేనితనమే ఇతరులకు కలిసొచ్చింది. బెరార్డి, మిలాజోల 'కెన్ పార్కర్' (1977), కాస్తెల్లి 'మార్టిన్ మిస్టేర్' (1982), స్క్లావి 'డిలన్ డాగ్' (1986) ఆయన దగ్గరే అచ్చయ్యాయి. పత్రికల బడ్డీల్లో అమ్మే నలుపు తెలుపు పుస్తకాలే అన్నీ. సుమారు వంద పేజీలు, 16 సెంటీమీటర్ల వెడల్పు, 21 ఎత్తు. వందో సంచిక వస్తే మాత్రం రంగుల పండగ. పుస్తకం ఆ కొలతల్లో ఉంటే ఇటలీలో 'బొనెల్లి' సైజు అనేస్తారు. సంస్థకు మాత్రం అరాల్దో, చెపిమ్, దైమ్ ప్రెస్ అంటూ ఎన్నో పేర్లు మారాకే, 1980ల చివర్లో సొంత పేరు పెట్టుకున్నారు.

'మిస్టర్ నో' 2006లో ఆగిపోయింది. ముగింపు కథ రాయడానికి ఆయనే కలం పట్టారు. దాని మీదా ఉన్నది గ్విదో నొలిట్టా పేరే. 2011 సెప్టెంబరు 26న, 78 ఏళ్ల వయసులో సెర్జియో కన్నుమూశారు. ఆ తర్వాత సంస్థ కొడుకు దావిదే చేతికొచ్చింది.