పేరడగని గడప

మా ఇళ్లల్లో జబ్బు ఉర్దూలో మొదలవుతుంది. ఆసుపత్రి మెట్లెక్కేసరికి తెలుగులోకి మారాలి. ఆ దారిలోనే సగం రాలిపోతుంది.

'జీ ఘబ్‌రారా' అంటుంది అమ్మీ. 'హాత్ పావ్ ఖీంచ్‌రే' అంటుంది ఖాలా. 'చక్కర్ ఆరా' అంటుంది పక్కింటి చాచీ. డాక్టరు ముందు కూర్చున్నాక ఈ మూడూ కలిసి 'నీరసంగా ఉందండీ' అనే ఒక్క మాటైపోతాయి. ఆ ఒక్క మాటకి ఒక సూది, ఒక టానిక్కు సీసా. ఘబ్‌రారా అన్నది గుండె సంగతో, షుగరు పడిపోయిన సంగతో, కూతురి పెళ్లి బాకీ సంగతో తేలాలంటే ఎవరో ఒకరు కాసేపు కూర్చుని వినాలి. వినే తీరిక ఎవరికుంది? వెనక చీటీలు పట్టుకుని వరసంతా నిలబడి ఉంటుంది.

మేము మైలవరం వాళ్లం. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బయట తెలుగులో వార్తలు రాసి బతికేవాళ్లం. రెండు భాషలూ వచ్చు గనుక వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా 'జర సాత్ ఆవ్ బేటా' అని పిలుస్తారు. అలా ఎన్ని ఆసుపత్రుల బల్లల మీద కూర్చున్నామో లెక్కలేదు. ఒకచోట జ్వరమని తీసుకెళ్లిన బురఖా మనిషిని అడిగిన మొదటి ప్రశ్న 'ఎంతమంది పిల్లలు?' జ్వరం సంగతి తర్వాత వచ్చింది. ఆవిడ మా వైపు చూసింది. ఆ ప్రశ్నని ఉర్దూలోకి మార్చే పని మాకు లేకపోయింది. ఆవిడకి తెలుగు అంత మాత్రం వచ్చు.

ఈ ఊళ్లో మాలో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, ఇంటా బయటా తెలుగే మాట్లాడే నూర్‌బాషాలున్నారు. పళ్ల బండి, మెకానిక్ షెడ్డు, ఆటో, పరుపులు కుట్టడం, సీజన్లో మామిడి తోటల్లో కూలి. భాషలో తేడా ఉందేమోగాని జబ్బు పడితే అందరి పనీ ఒకటే. ఆ పూట సంపాదన ఆగుతుంది. ఆ పూట సంపాదనే మందుల డబ్బు.

కార్డుంది కదా అంటారు మీరు. ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు మా వీధుల్లోనూ వెలుగొచ్చింది. పుస్తెలో గాజులో అమ్ముకోకుండా గుండె ఆపరేషన్ చేయించుకోవచ్చని పేదవాడు మొదటిసారి నమ్మాడు. ఆ మేలు మేము మరచిపోం. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 25 లక్షలకు పెంచారు. ఆ మాట వింటే ఎవరికైనా ధైర్యమే.

కానీ ఆ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరే జబ్బుల కార్డు. మా వీధిలో మనుషుల్ని తినేసేవి చేరే జబ్బులు కావు. షుగరు, బీపీ, నెలల తరబడి దగ్గు, రక్తం లేని ఆడపిల్లలు. షుగరు ముదిరి కాలు కుళ్లితే తీసేసే ఆపరేషన్‌కి కార్డుంది. అంతదాకా రాకుండా రోజూ వేసుకునే మాత్రకి ఆ కార్డు పనిచెయ్యదు. లక్షలకి పూచీ ఉంది, రోజూ పెట్టాల్సిన పదికి లేదు. బీదవాడు చచ్చేది ఆ పది దగ్గరే.

ఇంకో తమాషా. ఈ పథకం 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మా జిల్లా కూడా 2022లో కృష్ణా పోయి ఎన్టీఆర్ జిల్లా అయింది. ఇన్ని పేర్లు మారినా ఏ పనీ ఆగలేదు. మా పేరులో మాత్రం ఒక్క అక్షరం మారకూడదు. రేషన్ కార్డులో షేక్, ఆధార్‌లో షైక్. ఒకచోట బీ, ఒకచోట బేగం. పేరు రాసినవాడు మేము కాదు. తిరిగేది మాత్రం మేము. మొగుడు వదిలేసిన ఆడమనిషి పేరు ఆ మొగుడి కార్డులోనే ఉండిపోతుంది. పొట్ట చేతబట్టుకుని వలసొచ్చినవాడికి ఇక్కడ కార్డే ఉండదు. వీళ్లందరూ లెక్కల్లో ఉన్నారు, వరసలో లేరు.

సర్కారు ఆసుపత్రి లేదా? ఉంది. 2008లో మొదలైన 104 బండి పల్లెలకి మాత్రలు మోసింది. కాదనం. కానీ ఓపీ పొద్దున్నే. మా కూలి కూడా పొద్దున్నే. చీటీకి ఒక వరస, రక్తానికి ఒక వరస, మాత్రకి ఒక వరస. ఉచిత మాత్ర కోసం ఒక రోజు కూలి పోతే అది ఉచితం ఎట్లా అవుతుంది? అందుకే సాయంత్రం వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికే పోతారు. ఆయన పేరు పెట్టి పిలుస్తాడు, అప్పు పెడతాడు, వెంటనే నొప్పి తగ్గే సూది వేస్తాడు. ఆ నొప్పి మందులు అదేపనిగా వాడితే మూత్రపిండాలకి చేటని ఎవరూ చెప్పరు. మా పక్కనున్న ఎ.కొండూరు తండాల్లో లంబాడీ కుటుంబాల్ని ఏళ్లుగా ఆ మూత్రపిండాల జబ్బే పీల్చేస్తోంది. అక్కడ నీళ్ల మీద అనుమానం. కారణమేదైనా జబ్బు ముందుగా పట్టుబడాలంటే చిన్న రక్త పరీక్ష చాలు. ఆ చిన్నది దగ్గర్లో ఉండదు.

ఇక ఉచిత వైద్య శిబిరాలు. విలేకరులం కదా, ఎన్ని వార్తలు రాశామో. షామియానా, బ్యానరు, రిబ్బను, ఇన్ని వందలమందికి పరీక్షలు, ఫలానా వారు ప్రారంభించారు. ఆదివారం ఒకామెకి షుగరు మూడొందలుందని తేలుతుంది. అయిదు రోజుల మాత్రలిస్తారు. ఆరో రోజున ఆమె ఎక్కడికి పోవాలి? షామియానా విప్పేస్తారు, షుగరు విప్పుకోదు. ఎన్నికల ముందో, రంజాన్ నెలలోనో మా సందుకి వచ్చే శిబిరంలో మేము రోగులం కాదు, ఫొటోలో టోపీలం.

మాకు కావాల్సింది రోజూ తెరిచే గడప. అదే మనిషి, అదే వేళ, మన పేరున ఒక నోటు పుస్తకం. పోయిన నెల బీపీ ఎంతుందో రాసిపెట్టి ఈ నెల ఎందుకు పెరిగిందని మందలించే మనిషి. ఇదేం కొత్త కోరిక కాదు. నెల్లూరులో సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాల నడిపి, పేదవాడికి వైద్యం దానం కాదని చేసి చూపించాడు. ఊళ్ల కుర్రాళ్లకి వైద్యం నేర్పి మళ్లీ ఊళ్లకే పంపాడు.

బీమా లేకపోతే డాక్టరు గడప ఎక్కడమే కష్టమైన అమెరికాలో కూడా ఇలాంటి తలుపులున్నాయి. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో హైట్ యాష్‌బరీలో డబ్బడగని క్లినిక్ తెరిచి వైద్యం హక్కు అన్నారు. మాకు ఇంకా దగ్గరగా అనిపించేది లాస్ ఏంజెలెస్ కథ. 1992లో నల్లవాడిని కొట్టిన పోలీసుల్ని కోర్టు వదిలేస్తే ఆ నగరం తగలబడింది. ఆ తర్వాత అక్కడి ముస్లిం వైద్య విద్యార్థులు కొందరు కాలిన పేటల వైపు చూశారు. 1996లో 'ఉమ్మా' పేరుతో క్లినిక్ తెరిచారు. ఉమ్మా అంటే సముదాయం. అక్కడికొచ్చే రోగుల్లో ఎక్కువమంది ముస్లింలు కారు. లాటినోలు, నల్లవాళ్లు. తమ సముదాయం పేరు తలుపు మీద రాసి, ఆ తలుపు అందరికీ తీశారు.

అంత దూరం ఎందుకు? 2018లో హైదరాబాద్ ఎన్.ఎస్.కుంటలో మస్జిద్-ఎ-ఇస్‌హాక్‌లో ఉచిత క్లినిక్ మొదలైంది. బస్తీలో ఏ మతం వాళ్లైనా రావచ్చు. మసీదులో చెప్పులు విడవాలి గాని పేరు విడవనక్కర్లేదు. అదే ఏడు తెలంగాణ ప్రభుత్వం బస్తీ దవాఖానాలు పెట్టింది. మా కృష్ణా జిల్లాలో దవాఖానా అంటే తురక మాట. అక్కడ అది అందరి మాట. మాట అందరిదైతే తలుపూ అందరిదవుతుంది.

మా పెద్దలు దవా, దుఆ రెండూ కావాలనేవారు. దుఆకి మాకు కొదవలేదు. కొండపల్లి షాబుఖారి దర్గాలో తాయెత్తు కోసం హిందువులూ ముస్లింలూ ఒకే వరసలో నిలబడతారు. దుఆ దగ్గర కలిసి నిలబడ్డవాళ్లం దవా దగ్గర ఎందుకు విడిపోవాలి?

2020 మార్చిలో ఢిల్లీ మర్కజ్ సంగతి బయటికొచ్చాక దేశమంతా మమ్మల్ని రోగం మోసేవాళ్లన్నారు. పేరడిగి కూరగాయలు కొన్నారు. పళ్ల బండి తోలేవాడు గడ్డం తీసుకోవాలా అని ఆలోచించిన రోజులవి. మరుసటి ఏడు రెండో అల వచ్చింది. తిరుపతిలో ముస్లిం కుర్రాళ్లు జట్టుకట్టి, అయినవాళ్లు ముట్టుకోని శవాల్ని మోశారు. హిందువుల శవాలకి హిందూ పద్ధతిలోనే సాగనంపారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఒక మసీదు పడకలు పరిచి కోవిడ్ కేంద్రమైంది. మేమెవరమో రుజువు చెయ్యమని ఎవరూ అడగకముందే వాళ్లు చేసేశారు. రుజువు కోసం చెయ్యలేదు. మనుషులు చస్తుంటే చేశారు.

ఇక మా వాళ్లకి ఒక మాట. మినారు ఎత్తు పెంచాలంటే చందా గంటలో వస్తుంది. బీపీ మిషను కొందామంటే 'అది గవర్నమెంటు పని కదా' అంటాం. జకాత్ ముస్లిం పేదలకే చెందాలని ఎక్కువమంది ఉలమాలు చెబుతారు. సరే, సదఖాకి ఆ గిరి లేదు కదా. మసీదు పక్క గది పగలంతా తాళం వేసే ఉంటుంది. అసర్ నుంచి ఇషా దాకా, కూలి ముగిసే ఆ వేళకి, దాన్ని తెరిస్తే చాలు. చదువుకుని విజయవాడలో స్థిరపడ్డ మన డాక్టర్లు వంతులవారీగా వారానికొక సాయంత్రం వచ్చినా సరిపోతుంది. బురఖా లోపలి మాట వినడానికి ఒక ఆడమనిషి, 'ఘబ్‌రారా' అంటే ఘబ్‌రారా అనే రాసుకునే ఒక చెయ్యి ఉండాలి.

ఇలా చేస్తే సర్కారు బాధ్యత తీరిపోదా అని మా సెక్యులర్ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ గదిలో నోటు పుస్తకం అందుకే. ఎవరికి కార్డు లేదు, ఎవరి పేరు ఏ అక్షరం దగ్గర ఆగింది, ఏ మాత్ర ఆసుపత్రిలో దొరక్క ఇక్కడికొచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. ముస్లింలు ఎక్కువగా ఉండే ఊళ్లలో బళ్లూ వైద్యమూ తక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. నివేదిక ఢిల్లీలో ఉండిపోయింది. మన నోటు పుస్తకం మండలాఫీసు దాకా నడిచి వెళ్లగలదు. ఖైరాత్ అడిగేవాడి చేతిలో జోలె ఉంటుంది. హక్కు అడిగేవాడి చేతిలో లెక్క ఉండాలి.

పుట్టిన దగ్గర్నుంచీ మమ్మల్ని ఈ దేశం ఒకే ప్రశ్న అడుగుతోంది, మీరెవరు అని. జవాబు చెప్పీ చెప్పీ గొంతు ఎండింది. ఇక జవాబుకి బదులు ఒక బల్ల వేద్దాం. తండా నుంచి వచ్చిన లంబాడీ తల్లిని, మాలపల్లి ముసలాయన్ని, మా ఖాలాని ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడుగుదాం.

ఎక్కడ నొప్పి?