మనకు కొండ లేదు, తిప్ప ఉంది



ఆగస్టు చివర్లో మన సంఘపు తమ్ముడొకరు స్కాట్లాండు నుండి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. ఉద్యోగానికి సెలవు దొరికిన రోజున ఎడిన్‌బరో పక్కనే ఉన్న పెంట్లాండ్ కొండల మీద నడవడానికి వెళ్లారట. కొండంతా ఊదా రంగు. పెద్ద చెట్టనేది కనబడదు. మోకాలి ఎత్తు పొదలు, వాటి నిండా రవ్వంత పూలు. ఆ పొదను హెదర్ అంటారట. సారంలేని నేలలో, చలిగాలిలో కూడా పెరుగుతుందట. కింద ఇలా రాశారు: "అయ్యగారూ, ఇక్కడ నడుస్తుంటే 121వ కీర్తన గుర్తొచ్చింది. మన ఊళ్లో కొండ లేదు కదా, మీకూ అమ్మగారికీ చూపిద్దామని పంపాను."

పెంట్లాండ్ అనే పేరు చూడగానే సెమినరీలో చదువుకున్న సంఘ చరిత్ర పాఠం మాకు గుర్తుకు వచ్చింది. 1660లలో రాజుగారు పెట్టిన బిషప్పుల పెత్తనానికి ఒప్పుకోని స్కాట్లాండు కాపరులు రెండు వందలమందికి పైగా తమ మందిరాలు పోగొట్టుకున్నారు. విశ్వాసులు వారి వెంట కొండల్లోకి నడిచి వెళ్లి, ఆ పొదల మధ్యే కూర్చుని వాక్యం విన్నారు. వారిని కవెనంటర్లు అంటారు. 1666 నవంబరులో ఆ పెంట్లాండ్ కొండల్లోనే రులియన్ గ్రీన్ అనే చోట వారి గుంపును రాజు సైన్యం ఓడించింది. 1670లో వచ్చిన చట్టం ప్రకారం, బయలు ప్రదేశంలో కూడిక పెట్టి ప్రసంగించిన కాపరికి మరణశిక్ష. మనం ఫ్యాను తిరగలేదని ఆరాధన మధ్యలో లేచి వెళ్లిపోతాం, ప్రియులారా!

121వ కీర్తన మనందరికీ కంఠతా వచ్చు. కీర్తనకారుడు కొండలవైపు చూస్తాడు, నాకు సహాయం ఎక్కడిదని తన్ను తానే అడుగుతాడు. ఆ కొండలను చేసినవానినుండే అని జవాబు తెచ్చుకుంటాడు. కోడూరు మండలంలో నిలబడి ఈ కీర్తన చదివితే కన్నులెత్తడానికి ఏముంది? పడమటి వైపు చూస్తే వరిచేలు, తూర్పున రొయ్యల చెరువులు, దక్షిణాన సముద్రం. మన ఊళ్ల పేర్లు చూడండి: లంక, దీవి, దిబ్బ, తిప్ప. నీళ్లకు పైన నాలుగడుగుల ఎత్తు కనబడితే చాలు, మన పెద్దలు దానికొక పేరు పెట్టి గౌరవించారు. మన కొండ అదే.

అందుకే పోయిన సోమవారం తెల్లవారుజామున మా ఇంటివారూ మేమూ పాలకాయతిప్ప వెళ్లాం. సంఘంలోని ఒక పెద్దమ్మగారు, "నన్నూ తీసుకెళ్లండి అయ్యగారూ, సముద్రం చూసి చాలా యేళ్లయింది" అంటే ఆమెనూ ఆటోలో ఎక్కించుకున్నాం. సరుగుడు తోట దాటి చెప్పులు చేత పట్టుకుని ఇసుక తిప్ప ఎక్కాం. ఎక్కాం అంటే పెద్ద శ్రమేమీ కాదు. ఐదు నిమిషాలు పట్టలేదు.

కాని పైకి వెళ్లి చూస్తే, ప్రియులారా, అక్కడా ఊదా పూలే! మేక గిట్టలా మధ్యలో చీలిన ఆకులతో ఇసుకమీద పాకే ఆ తీగను మీరందరూ చూసే ఉంటారు. పొద్దున్నే విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. తూటిపూవులాగే ఉంటుంది. మా ఇంటివారు ఒక తీగను మెల్లగా ఎత్తి చూపించారు. కణుపు కణుపుకూ వేరు. పాకిన ప్రతి జానకూ ఇసుకను పట్టుకుంటూనే వెళ్తుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు. ముళ్ల బంతుల్లాంటి దాని విత్తనాల గుత్తులు గాలికి దొర్లుతుంటే చిన్నప్పుడు వాటి వెంట పరుగెత్తని పిల్లవాడు ఈ తీరంలో ఉండడు. ఈ రెండూ కలిసి గాలికి ఎగిరే ఇసుకను ఆపుతాయి. ఆగిన ఇసుక మీదికి మళ్లీ పాకుతాయి. అలా యేళ్ల తరబడి గుప్పెడు గుప్పెడు పోగుపడితే తిప్ప అవుతుంది.

ఫోటో తీసి స్కాట్లాండు పంపుదామని మేము కొంచెం పక్కకు జరిగాం. అక్కడ తిప్ప లేదు. పారతో కోసినట్టు నిలువుగా తెగి ఉంది. తెగిన చోట వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. కింద ట్రాక్టరు చక్రాల జాడలు.

మేము ఎవరినో నిందించబోయాం. "ఎవరు చేశారో గాని..." అన్నాం. పెద్దమ్మగారు మెల్లగా అన్నారు: "అయ్యగారూ, అది మన మందిరం పునాదిలో ఉందండి."

మేము మాట్లాడలేకపోయాం.

కొత్తగా వచ్చినవారికి తెలియదు గనుక చెబుతున్నాం. మందిరం విస్తరించినప్పుడు పునాదిలో మెరక చేయడానికి ఇసుక కావలసివచ్చింది. కొనడానికి డబ్బు లేదు. ఉప్పు ఇసుక కాంక్రీటుకు పనికిరాదు గాని మెరకకు చాలు. సహోదరుడొకరు తన ట్రాక్టరుతో ఉచితంగా తోలించారు. ఎక్కడినుండి అని మేము అడగలేదు. తెలియక అడగలేదని రాస్తే అది అబద్ధం అవుతుంది. తెలుసు గనుకనే అడగలేదు. తరువాతి ఆదివారం ఆయనను ముందుకు పిలిచి, దేవుని పనికి ఉదారంగా ఇచ్చారని వేదికమీద ప్రార్థన చేశాం. ఆ సహోదరుడు ఇది చదువుతారు. అయ్యా, తప్పు మీ ఒక్కరిది కాదు. ముందుగా మాది.

పెద్దమ్మగారు 1977లో పద్దెనిమిదేళ్ల కొత్త కోడలు. నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెనలో నీళ్లు ఐదు మీటర్ల ఎత్తున వచ్చాయంటారు. దివిసీమలోనూ చుట్టుపక్కలా చనిపోయినవారు దాదాపు పదివేలమంది. ఆమె తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్నారు. చేతులమీద ముళ్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చంకలో ఉన్న బిడ్డ తెల్లవారేసరికి లేడు. ఆమె ఎప్పుడూ అంతకు మించి చెప్పరు, మేమూ అడగం. మరునాడు ఆదివారం.

మేము ఆమెను అడిగాం: "పెద్దమ్మా, ఆ రోజు ఈ తిప్పలు కాపాడాయా?"

"లేదండి. అంత నీటికి ఇసుకెంత? అన్నిటి మీదుగా వచ్చింది. కాని ప్రతి వానాకాలం అంత నీరు రాదు కదండీ. వచ్చే చిన్న గాలివానలన్నిటికీ ఇదే అడ్డం. పెద్దది వచ్చినప్పుడు ఏమీ ఆగదు, అప్పుడు దేవుడే. చిన్నవాటికి దేవుడు దీన్ని పెట్టాడు."

మేము సెమినరీలో చదివినదానికంటే ఇది తక్కువ వేదాంతం కాదు. ఇంటికి వచ్చి యిర్మీయా 5వ అధ్యాయం 22వ వచనం తెరిచాం. మీరూ తెరిచి చదవండి. అక్కడ దేవుడు తన ప్రజలను నిలదీస్తూ, సముద్రం దాటకుండా దానికి ఇసుకను ఎల్లగా పెట్టినవాడిని నేనే, నాకు మీరు భయపడరా అని అడుగుతున్నాడు. ఎన్నోసార్లు ఈ మాట చదివాం. ఒక్కసారి కూడా పాలకాయతిప్ప గుర్తుకు రాలేదు!

ప్రభువు చెప్పిన ఇద్దరు ఇల్లు కట్టినవారి ఉపమానం మేము చెప్పినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు నవ్వుతారు, "అయ్యగారూ, మనమందరం ఇసుకమీదే కదండీ" అని. నిజమే. ఇసుక పునాదికి పనికిరాదని ప్రభువు చెప్పాడు. ఆ ఇసుకనే సరిహద్దుగా తానే పెట్టానని యిర్మీయా ద్వారా చెప్పాడు. మనం ఆయన పెట్టిన సరిహద్దును తవ్వి, ఆయన ఇంటికి పునాదిలో పోశాం. పాత సరిహద్దు రాయిని జరపవద్దని సామెతల గ్రంథం చెబుతుంది. పొలం గట్టు జానెడు జరిగితే అన్నదమ్ములు ఎమ్మార్వో ఆఫీసు దాకా వెళ్తారు. సముద్రం గట్టు జరిపితే ఎవరూ అడగలేదు.

చట్టం కూడా ఉంది. తీరంలోని ఇసుక దిబ్బలను చెక్కడం, రూపు మార్చడం 1991 నాటి తీర ప్రాంత నియంత్రణ ఉత్తర్వులోనే నిషిద్ధం. కవెనంటర్లు దేవుని మాట కోసం చట్టాన్ని ధిక్కరించి ప్రాణాలిచ్చారు. మనం నలభై ట్రక్కుల ఇసుక డబ్బు మిగులుతుందని ధిక్కరించాం.

మొన్న ఆదివారం సంఘపెద్దలతో కూర్చుని ఇదంతా చెప్పాం. కొందరికి కోపం వచ్చింది. "అందరూ తోలుకుంటున్నారు, మన ఒక్కరివల్ల తిప్ప పోయిందా?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర లెక్క లేదు. మనవల్ల పోయినది ఎంతో మనకు తెలుసు, అది మన అరుగు కింద ఉంది. చివరికి రెండు నిర్ణయాలు జరిగాయి. ప్రహరీ గోడ పనికి ఒక్క ట్రక్కు కూడా తీరంనుండి తేకూడదు. డబ్బు కూడేవరకు గోడ ఆగుతుంది. రెండోది, ఫారెస్టువారి అనుమతి అడిగి, తిప్ప తెగిన చోట ఆ ఊదా పూల తీగ ముక్కలు మన యౌవనస్థులు నాటాలి. కణుపు ఇసుకలో కప్పితే వేరు తొడుగుతుంది. తిప్ప తిరిగి పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో దేవుని చిత్తం. మేము చూడకపోవచ్చు.

స్కాట్లాండులో ఉన్న తమ్ముడికి ఫోటో పంపాం. తిప్ప తెగిన చోటును కూడా దాచకుండా పంపాం. సహాయం కొండనుండి రాదు, తిప్పనుండీ రాదు, తమ్ముడూ, వాటిని చేసినవానినుండే వస్తుంది. అయితే ఆయన పంపిన సహాయం కాళ్ల కింద పాకుతుంటే, దానిమీద ట్రాక్టరు నడిపి, "ప్రభువా, తుపాను తప్పించు" అని ప్రార్థించడం ఎలా?

ప్రార్థన చేద్దాం. సముద్రానికి ఎల్ల నియమించిన తండ్రీ, నీ సరిహద్దును మేము తవ్వాము. నీ పేరు చెప్పి తవ్వాము. క్షమించండి. తుపాను కాలం వస్తుంది, ఈ తీరంలోని బిడ్డలను, వేటకు వెళ్లేవారిని కాపాడండి. నాటబోయే తీగకు వేరు దయచేయండి. మా పెద్దమ్మగారివంటివారి కన్నీళ్లు మీ దగ్గర లెక్క ఉన్నాయని నమ్ముతున్నాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.