అతిథులకు మన డెల్టాలో ఏమి చూపవలెను?



శీతకాలము వచ్చినదనగా మన సంఘములకు ఇంగ్లండునుండి అతిథులు వచ్చుచుందురు. కొందరు పూర్వము ఇచ్చట పనిచేసిన మిషనెరీల వంశీకులు. మరికొందరు అచ్చట ఉద్యోగములు చేసికొనుచున్న మన పిల్లలే; అక్కడ పుట్టిన తమ బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చెదరు. “ఇంగ్లీషువారి గుర్తులు ఇక్కడ ఏమున్నవి?” అని వారడుగగానే మన పెద్దలు తడుముకొందురు. కోటలు చూపుదమా, మేడలు చూపుదమా? నేను పలుమారు అట్టివారితో తిరిగినవాడను గనుక నాకు తోచినది చెప్పుచున్నాను.

మొదట ధవళేశ్వరము. ఇప్పుడు మనము చూచునది 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన బ్యారేజి. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టిరి. ఆయన కట్టించిన పాత ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైనది. నడుమనున్న లంకలను ఆధారముగా చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దానిని కట్టిరి. బ్యారేజీమీదుగా రోడ్డు ఉన్నది గనుక ఒక గట్టున బయలుదేరి రెండవ గట్టునకు చేరవచ్చును. సాయంకాలము పోయినయెడల మంచిది. ఇవతలి ఒడ్డున కాటన్ మ్యూజియము కలదు. ఆ పనిలో వాడిన యంత్రములను, పటములను అచ్చట ఉంచిరి. పిల్లలకు చూచుటకు గంటసేపు చాలదు.

ఇసుకమీద ఇల్లు కట్టిన బుద్ధిహీనునిగూర్చి మనము ఎన్ని ప్రసంగములు వినలేదు! అయితే ఈ ఆనకట్ట నిలిచినది గోదావరి ఇసుకమీదనే. ఇసుకమీద నదికి అడ్డుకట్ట వేయవచ్చునని కాటన్ దొరగారు సీమలో నేర్చుకొనలేదు. కావేరిమీద చోళరాజులు ఎన్నో వందల యేండ్లక్రిందట కట్టించిన కల్లణైని చూచి నేర్చుకొనిరి. ఇంగ్లీషువారు ఇట్టి కట్టకు పెట్టుకొన్న పేరుకూడ అరవమునుండి తీసికొన్నదే. ఇంగ్లీషు గొప్పతనము చూడవచ్చిన అతిథులకు ఈ మాట చెప్పునప్పుడు వారి మొగములు చూడవలెను! కొందరు నవ్వుదురు, కొందరు కొంతసేపు మౌనముగా ఉందురు.

ఒక పర్యాయము వచ్చిన ముసలి దొరగారొకరు నన్ను తిన్నగా అడిగిరి: “రాయి మోసినవారి పేర్లు ఎక్కడ వ్రాసియున్నవి?” మా ముత్తాతగారి తండ్రి ఆ కొండరాళ్లు తట్టలలో మోసినవాడని మా ఇంట చెప్పుకొందురు. ఆయన పేరు మాత్రము మాలో ఎవరికిని తెలియదు. కాటన్ దొరగారికి కుడిభుజమై కూలీలను సమకూర్చిన వీణెం వీరన్నగారి పేరు నిలిచియున్నది. తక్కిన వేలమంది పేర్లు ఏ రాతిమీదను నేను చూడలేదు. దొరగారికి ఆ మాటే చెప్పితిని.

కాటన్ దొరగారిని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. 1832–33 నాటి కరవు ఈ తీరమును ఎట్లు పాడుచేసినదో పెద్దలు చెప్పగా విన్నవారము. గోదావరిలో మునుగు బ్రాహ్మణులుకూడ కొందరు సంకల్పములో ఆయనను తలంచుకొందురు. మన దేశమునకు రైళ్లకంటె కాలువలే ముఖ్యమని వాదించినందుకు 1878లో పార్లమెంటు కమిటీ ఆయనను గుచ్చి గుచ్చి ప్రశ్నించినది. గాని కంపెనీవారు ధర్మమునకు డబ్బు పెట్టలేదు. నీరు పారిన శిస్తు పెరుగునని పెట్టిరి. రెండును అతిథులకు చెప్పవలెను. ఒకటి దాచి ఒకటి చెప్పుట మర్యాద కాదు.

రాజమహేంద్రవరములో హావ్‌లాక్ వంతెన కలదు. 56 స్తంభాంతరములు గల ఆ వంతెనమీద 1900 మొదలు 1997 వరకు రైళ్లు నడిచినవి. దానిని గట్టునుండి చూచిన చాలును. దానికంటె కాలువ లాకులవద్ద ఒక పూట కూర్చుండబెట్టుడి. కాకినాడనుండి చెన్నపట్టణమువరకు పడవలమీద పోయిన కాలమొకటి ఉండెను. ఆ ప్రయాణము ఇప్పుడు లేదు గాని లాకుల తలుపులు చూచినయెడల అది ఎట్లు జరిగెనో పిల్లలు ఇట్టే గ్రహింతురు. ఇంగ్లండులోను ఇట్టి కాలువలే ఉన్నవి గనుక అతిథులకు తమ ఊరు జ్ఞాపకము వచ్చును. వేడి టీతో మిరపకాయ బజ్జీలు పెట్టించినయెడల రెండు దేశముల మర్యాదయు జరిగినట్లే!

నరసాపురమునకు ఒక దినమంతయు కేటాయింపవలెను. దానిని ఆనుకొనియున్న మాధవాయపాలెములో కంపెనీవారు 17వ శతాబ్దములోనే వర్తకశాల పెట్టిరి. అచ్చటి మెత్తని నూలుగుడ్డకు ఇంగ్లీషువారు ఆ ఊరి పేరునే “మదపొల్లం” అని మార్చి పెట్టుకొనిరి. ఆ మాట నేటికిని వారి నిఘంటువులలో ఉన్నది. తమ దేశపు దుకాణములో ఆ పేరు వినిన దొరసానిగారొకరు ఈ ఊరినుండి వచ్చినదని తెలిసి ఎంతో ఆశ్చర్యపడిరి. డెవన్ సీమలోని బార్న్‌స్టేపుల్ నుండి బౌడన్, బీర్ అను దంపతులు 1836లో బయలుదేరి వచ్చి సేవచేసినది ఈ ప్రాంతముననే.

మిషనెరీ దొరసానులు నేర్పిన లేసుపని ఇక్కడి ఇండ్లలో నేటికిని సాగుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మా అమ్మ పగలు పొలము పనికి పోయి, రాత్రి కిరసనాయిలు దీపముక్రింద పువ్వులు అల్లెడిది. ఆ పువ్వులను ఒకటిగా కలుపు అతుకుపని మరియొక ఇంట జరిగెడిది. నా పరీక్ష రుసుము ఆ దారములోనుండియే వచ్చినది. తీసికొనిపోవు ఏజెంటు ఇచ్చినంతే కూలి. ఆ లేసు సీమలో ఎంతకు అమ్ముడుపోవునో ఆమె ఎన్నడును ఎరుగదు. జర్మనీ దేశస్థురాలు మరియా మీస్ గారు 1982లో ఈ స్త్రీలనుగూర్చి ఒక గ్రంథమే ప్రకటించిరి. దినమంతయు అల్లుచున్నను వీరిని పనివారని ఎవరును లెక్కింపరనియు, ఇంటిలో ఊరకయుండు గృహిణులని చెప్పుదురనియు ఆమె వ్రాసిరి.

కావున లేసు కొనగోరు అతిథులను నేను అల్లినవారి ఇంటికే తీసికొనిపోవుదును. బేరమాడవద్దని దారిలోనే చెప్పుదును. పోయిన జనవరిలో వచ్చిన దొరసానిగారు ఒక బల్లగుడ్డ కొని, అడిగిన వెల ఇచ్చి, అల్లిన తల్లి పేరేమని అడిగిరి. ఆ తల్లి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. కోడలు పేరు చెప్పగా, దొరసానిగారు దానిని ఇంగ్లీషులో వ్రాసికొని, క్రింద తెలుగులో నాచేత వ్రాయించుకొని, ఆ చీటిని గుడ్డ మడతలో పెట్టుకొనిరి.