ఉగాది నాడు మైకు ఎందుకు ఆగిందంటే

కాస్త పొడవుగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మొన్న ఉగాదికి మన బరంపురం హాల్లో పంచాంగ శ్రవణం సగంలో మైకు ఆగిపోయింది. కన్యారాశి తర్వాత వాళ్లకు ఆదాయ వ్యయాలు ఇప్పటికీ తెలియవు. మూడుసార్లు ఆగింది, నాలుగోసారి ఆంప్లిఫయర్‌లోంచి కాలిన వాసన వచ్చింది. కమిటీ వాళ్లం మైక్‌సెట్ అబ్బాయిని అందరి ముందూ కేకలేశాం. అద్దె డబ్బులు కూడా ఆపేశాం.

తప్పు అతనిది కాదు, మాది.

వెనక వరసల్లో పెద్దవాళ్లకు వినబడటం లేదని, "బ్రిడ్జ్ చేసెయ్, సౌండు పెరుగుతుంది" అన్నది మేమే. "లోడు పడుతుందండీ, వద్దు" అన్నాడు. వినలేదు.

అసలు సంగతి ఇది. ఆంప్లిఫయర్‌కు రెండు చానళ్లు, ఒక్కోదానికి 8 ఓమ్‌ల స్పీకర్ ఒకటి. చానల్ 40 వోల్టులు ఇస్తే 5 ఆంపియర్ల కరెంటు, 200 వాట్లు. రెండు స్పీకర్లకూ కలిపి 400. బ్రిడ్జ్ చేస్తే రెండు చానళ్లూ ఒకే లోడుకు చెరో కొస పట్టుకుంటాయి. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది. వోల్టేజి 80 అవుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో చానల్‌కు ఆ లోడు సగంగానే కనబడుతుంది. 8 ఓమ్‌లు పెడితే 4, 4 పెడితే 2.

మేం రెండు స్పీకర్లనూ పారలల్‌గా కలిపించాం. అంటే 4 ఓమ్‌లు. ఒక్కో చానల్ నెత్తిన 2 పడ్డాయి. ఫుల్ వాల్యూమ్‌లో 5 ఆంపియర్లు ఇచ్చేదాన్ని 20 అడిగాం. బ్రిడ్జ్‌లో కనీసం 8 ఓమ్‌లు ఉండాలని పెట్టె వెనక అచ్చువేసే ఉంది. ఎవరం చూడలేదు.

పోనీ, సిరీస్‌లో కలిపి 16 ఓమ్‌లు చేసుంటే? ఆంప్లిఫయర్ బతికేది. కానీ 80 వోల్టులకు 16 ఓమ్‌లంటే మళ్లీ అదే 5 ఆంపియర్లు, అదే 400 వాట్లు. అంటే ఆ రెండు స్పీకర్లతో బ్రిడ్జ్ చేసి మనకు ఒరిగేదేమీ లేదు. ఒక స్పీకర్‌ను హాలు మధ్యకు జరిపుంటే సరిపోయేది.

ఈ ఆదివారం అతని ఇంటికి వెళ్లి అద్దె, రిపేరు ఖర్చు రెండూ ఇచ్చి వస్తాం. సంఘం డబ్బులోంచి కాదు, ఆ రోజు కేకలేసిన ఐదుగురం వేసుకుంటున్నాం. నలుగురిలో అన్న మాట కాబట్టి క్షమాపణ కూడా నలుగురిలోనే, ఇక్కడ.