శివారు ఆయకట్టు ఆటగాడు

మా నాన్నది గుడివాడ. అమ్మది అవనిగడ్డ దాటాక కాలువ చిట్టచివరి ఊరు. పొలం తాతయ్యది. నా సేద్యమంతా కంప్యూటర్‌లోనే. తుపాకుల ఆటలంటే బందరు నెట్ సెంటర్లలోనే మొహం మొత్తింది. గంటకింతని ఇచ్చి వైస్ సిటీ ఆటలో కార్లు దొంగిలించే వయసూ దాటిపోయింది. ఇప్పుడా భారం మా మేనల్లుళ్లు మోస్తున్నారు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు వాళ్లు రెండు పూటలు అన్నం మానేశారు. మరుసటి ఏడు జూలైలో అది బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, అన్నం మళ్లీ మానేశారు, ఈసారి తీరిక లేక.

నేను మాత్రం ఈ వేసవిలో వరసగా మూడు వ్యవసాయపు ఆటలు ఆడాను, మూడింట్లోనూ వరే వేశాను. కొత్త వియ్యంకుడి ఇంట విస్తరి ముందు కూర్చున్నవాడు కూరల కంటే ముందు అన్నం పలుకు చూస్తాడు. నేను నీళ్లు చూశాను.

మొదటిది స్టార్‌డ్యూ వ్యాలీ. బొమ్మలు, పాటలు, కథ అన్నీ ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు ఒక్కడే కూర్చుని చేసి 2016లో వదిలాడు. వరి అందులో తర్వాత చేరింది. నారు కొని చెరువుకో ఏటికో మూడు గడుల లోపు నాటితే ఇక నీళ్లు పోయక్కర్లేదు. అంతకు మించి ఎడమైతే రోజూ పొద్దున్నే డబ్బా పట్టుకుని తిరగాలి. ఇది చూసి నవ్వొచ్చింది, కాస్త ఒళ్లూ మండింది. మూడు గడుల లోపలివాడు ఎగువ రైతు. మేం నాలుగో గడి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు కాలువ వెంబడి దిగి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా కృష్ణ పాయను దాటి, దివిసీమలో ఊరూరా తూముల్లోకి చీలి మా బోదెకు చేరేసరికి, పైవాళ్ల ఊడ్పులు అయిపోయి ఉంటాయి, మా ఆకుమడి బీటలు తీసి ఉంటుంది. ఎరిక్ బాబు తనకు తెలియకుండానే శివారు ఆయకట్టు బాధ కనిపెట్టాడు. కాకపోతే అతని ఊళ్లో తూము దగ్గర రాత్రి కాపలా లేదు.

రెండోది ఫార్మింగ్ సిమ్యులేటర్ 25. 2024 నవంబరులో వచ్చింది, స్విట్జర్లాండ్ వాళ్లది. అన్నేళ్లుగా గోధుమలు, మొక్కజొన్నలు పండించినవాళ్లు ఈసారికి వరి పెట్టారు. మడి కట్టి, పంపుతో నింపి, మిషన్‌తో నాటాలి. తాతయ్య నా వెనక మంచం మీద కూర్చుని చూసి, "దమ్మేదిరా?" అన్నారు. నిజమే, దమ్ము చక్రాలు వేసి బురద తొక్కించే పని నేనాడినంతలో ఎక్కడా రాలేదు. ట్రాక్టర్ల మీద చూపిన శ్రద్ధ మట్టి మీద లేదు. గేదెలు కూడా ఉన్నాయి. వాటి పాలతో మోజరెల్లా చీజ్ చేసి అమ్ముకోవచ్చు, గడ్డ పెరుగు కుదరదు. సుడిగాలి వచ్చి చేలు పాడుచేస్తుందిగానీ, భయపడేవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేసుకోవచ్చు. ఆ సంగతి తాతయ్యకు చెప్పాను. దివిసీమను ఉప్పెన ముంచిన 1977 నవంబరు 19 నాటికి ఆయన చేలో పైరు కోతకొచ్చి ఉంది. ఏమీ అనలేదు, లేచి వెళ్లి పశువులకు గడ్డి వేసి వచ్చారు.

మూడోదాని పేరు సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్. జపాన్‌లో ఎడెల్వైస్ అనే బుల్లి సంస్థ 2020లో తెచ్చింది. సకునా ధాన్యలక్ష్మి లాంటి చిన్న దేవత. అల్లరి చేసి రాక్షసుల దీవికి ప్రవాసం పోతుంది. పగలు యుద్ధం, మిగతా వేళ సేద్యం. ఏడాది పంట ఎంత బాగుంటే ఆమె ఒంట్లో అంత బలం. ఉప్పునీళ్లలో విత్తనం పోసి తాలు తేల్చాలి. నారు నాటేటప్పుడు మన కూలీల్లాగే వెనక్కి నడవాలి. నీళ్లు ఎప్పుడు ఎంత లోతున ఉంచాలో, ఎప్పుడు ఆరబెట్టాలో లెక్క ఉంది. కోశాక ఆరేసి, నూర్చి, దంచాలి, ఎంత పాలిష్ పట్టాలో కూడా మనమే తేల్చుకోవాలి. సాగు మెళకువల కోసం అక్కడి ఆటగాళ్లు ప్రభుత్వ వ్యవసాయ శాఖ వెబ్‌సైటు తిరగేశారని వార్తలొచ్చాయంటే నమ్మబుద్ధయింది. నాకూ అలాంటి శాఖే ఒకటి మంచం మీద కూర్చుని ఉంది మరి.

ఒకరోజు కంట్రోలర్ తాతయ్య చేతికిచ్చాను. బొటనవేలు వంకర, మీట పూర్తిగా వంగదు. అయినా నాలుగు వరసలు వేసి ఆగారు. "బాటలేవీ? సుడిదోమ పడితే గాలెట్లా ఆడుద్ది?" రెండు మీటర్లకోసారి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమని ఇక్కడి వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు, ఆయన వదులుతూనే ఉంటారు. సకునా మడి అంతా కలిపి మా పెరడంత లేదు, అందులో బాటెక్కడ తీస్తాం?

నాకు నచ్చనిదీ అదే. దీవి మొత్తానికి మడి ఒక్కటే. మడవ తీస్తే నీళ్లు దిగిపోతాయి, అవి కిందివాడి చేలో పడ్డాయని గట్టు మీదికి వచ్చే మనిషి లేడు. మాకు జూలైలో నీళ్లు రాకపోవడం ఎంత బాధో, నవంబరు వానకు పడిపోయిన చేలోంచి నీళ్లు బయటికి పోకపోవడం అంత బాధ. మురుగు కాలువ పూడిపోయి ఉంటుంది, ఎవరి పూడిక ఎవరు తీయాలన్నది తేలదు. సేద్యంలో సగం ఈ పక్కవాడితో వ్యవహారమే. అది మాత్రం మూడు ఆటల్లోనూ లేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో ఇంకా తడి ఉండగానే, నిలబడ్డ చేలోనే మినుములు చల్లడం కూడా ఏ ఆటలోనూ లేదు. మిషన్ కోతలొచ్చాక మా ఊళ్లోనూ కొందరు కోశాకే చల్లుతున్నారు, అది వేరే పంచాయితీ.

మూడింట్లో సకునాకే నా ఓటు. రాక్షస గుహల్లో చీకటి పడ్డాక తిరుగుడు విసుగుపుట్టిస్తుంది, సహించండి. ఫార్మింగ్ సిమ్యులేటర్ ట్రాక్టర్ పిచ్చి ఉన్నవాళ్లకు, అదీ ధర తగ్గాక. స్టార్‌డ్యూ ఎవరైనా ఆడొచ్చు, పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. సకునా కొనేవాళ్లు మాత్రం కంట్రోలర్ కూడా కొనుక్కోండి. కీబోర్డుతో ఊడ్పులు వంకర పోతాయి.