దేవుడు నాకు బాకీ పడ్డ రోజులు

ఇరవై రెండో ఏట నుంచి ఇరవై తొమ్మిదో ఏడు దాకా నాకు దేవుడి దగ్గర ఒక ఖాతా ఉండేది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే ఉండేది. నల్ల అట్ట వేసిన లాంగ్ నోటుబుక్కు.

అప్పట్లో నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. పొద్దస్తమానం ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాడు, కాటా ఎంత తూగింది, తరుగు ఎంత పోయింది, పాత బాకీ ఎంత మినహాయించాలి అని రాయడమే పని. రాసీ రాసీ ఆ చెయ్యి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. నోటుబుక్కులో ఎడమ పక్క జమ: చదివిన అధ్యాయాలు, ప్రార్థన చేసిన నిమిషాలు, శుక్రవారం ఉపవాసాలు, జీతంలో తీసిన దశమభాగం. కుడి పక్క ఖర్చు, అంటే పాపాలు. నెలాఖరుకి గీత గీసి కూడితే ప్రతిసారీ నాకే నిలవ తేలేది. పాపాల వైపు 'అమ్మ మీద విసుక్కున్నాను', 'ఆరాధనలో కునుకు పట్టింది' లాంటివి తప్ప పెద్ద పద్దులు పడేవి కావు. రాసేవాణ్ణీ నేనే, తనిఖీ చేసేవాణ్ణీ నేనేనాయె.

మాది లూథరన్ సంఘం. మనిషికి రక్షణ దొరికేది కృపవల్ల, విశ్వాసం ద్వారా, అంతేగానీ చేసిన పనులకు కూలిగా కాదు అన్న మాట ఆ సంఘంలో పుట్టిన పిల్లవాడికి పాలతోపాటే పడుతుంది. నాకూ పట్టారు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో రెండో అధ్యాయం, ఎనిమిది, తొమ్మిది వచనాలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పినందుకు సండే స్కూల్లో నాకు స్టీలు గ్లాసు ఇచ్చారు. ఎవడూ గొప్పలు చెప్పుకోవడానికి వీల్లేదు అనే వచనాలు అవి. ఆ గ్లాసు పట్టుకుని వారం రోజులు వీధి వీధంతా తిరిగాను.

పెద్దయ్యాక ప్రతి అక్టోబరు 31న, సంస్కరణ పండుగ రోజు, మార్టిన్ లూథర్ మీద ఉపన్యాసం నాదే. 1517, విటెన్‌బెర్గ్, 95 సిద్ధాంతాలు, అన్నీ గడగడా వచ్చేవి. అంతకుముందు ఆయన మఠంలో సన్యాసిగా ఉన్నప్పుడు ఉపవాసాలతో ఒళ్ళు గుల్ల చేసుకున్నాడనీ, గంటల తరబడి పాపాలు ఒప్పుకుంటుంటే వినే గురువుకే విసుగొచ్చేదనీ చెప్పి జనాన్ని నవ్వించేవాణ్ణి. ఆయన అంత అవస్థపడి వదిలించుకున్న పుస్తకమే మా ఇంట్లో దిండు కింద ఉందని నాకు తట్టలేదు. పైగా ఆయన పుస్తకంలో ఎప్పుడూ అప్పే తేలేది. నాకు లాభం తేలేది.

లాభం ఉన్నవాడు వసూలుకు బయల్దేరతాడు కదా. బ్యాంకు పరీక్ష మూడోసారి కూడా తప్పినప్పుడు నాకు వచ్చింది దుఃఖం కాదు. పెద్ద పార్టీ చెక్కు వెనక్కి తిరిగొస్తే మా షావుకారుకి వచ్చే కోపం లాంటిది వచ్చింది. నలభై రోజుల లెంటు ఉపవాసం పద్దు చూపించి మరీ పోట్లాడాను.

ఇదంతా నా వరకే ఉంటే నవ్వుకుని వదిలేయొచ్చు. ఉండలేదు. తన లెక్క రాసుకునేవాడికి పక్కవాడి లెక్క కూడా రాయాలనిపిస్తుంది.

మా బాబాయి ఉండేవాడు. పనిమంతుడే గానీ తాగేవాడు. 1993లో రాష్ట్రంలో సారా బంద్ అయినా బాబాయికి మాత్రం బంద్ కాలేదు. పిన్ని నగలన్నీ మెడలో పుస్తెలతో సహా కరిగిపోయాయి. 1998 మొదట్లో లివరు పాడై మంచం పట్టాడు. అప్పుడు పాస్టరుగారికి కబురు పెట్టించి, ఏడ్చి, ప్రార్థన చేయించుకున్నాడు. పాస్టరుగారు మంచం దగ్గరికే వెళ్ళి ప్రభువు సంస్కారం ఇచ్చి వచ్చారు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఏడేళ్ళుగా కడుపు మాడ్చుకుని కూడబెట్టింది ఈయన ఒక్క మధ్యాహ్నంలో కొట్టేశాడు! చూడ్డానికి వెళ్ళి, పిన్ని కాఫీకని లోపలికి వెళ్ళగానే అడిగేశాను: "ఇన్నాళ్ళూ తాగి తిరిగి, ఇప్పుడు గుర్తొచ్చాడా బాబాయ్ దేవుడు?"

ఆయనకి కోపం రాలేదు. "అవున్రా అబ్బాయ్" అన్నాడు. "ఇంకెవరూ రానిచ్చేట్టు లేరు."

ఆ మాటకైనా నాకు సిగ్గు రావాల్సింది. రాలేదు. ఇంటికొచ్చి ఆ రోజు జమలో 'రోగి పరామర్శ' అని రాసుకున్నాను.

ఆ వారమే మా పాలెంలో లెంటు కూడిక. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. వచ్చినవాళ్ళంతా పొద్దున్నుంచి కోసి కోసి వేళ్ళు మండుతున్న ఆడవాళ్ళే. వాక్యం నేను చెప్పాలి. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయం, ద్రాక్షతోట కూలీల కథ తీశాను. తెల్లారగట్ల వచ్చినవాళ్ళకీ సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్ళకీ ఒకటే కూలి, ఒక దేనారం, ఇచ్చిన యజమాని కథ. బాబాయికి సంస్కారం ఇచ్చిన సంగతి పాలెమంతా తెలుసు. దేవుడు ఇస్తే ఇచ్చాడుగానీ, పొద్దున్నుంచి ఎండలో మాడినవాడి గతేమిటి అన్న ధోరణిలో లాగాను. నేను పొద్దున బ్యాచి కదా.

మధ్యలో ఒక పెద్దావిడ, "ఆళ్ళు ఐదింటిదాకా ఎక్కడున్నారు నాయనా?" అంది.

"సంతవీధిలో నిలబడి ఉన్నారు పెద్దమ్మా. ఎవరూ పనికి పిలవలేదంట."

"అంటే అడ్డా మీద."

"ఆ."

"పొద్దుగూకేదాకా అడ్డా మీద నిలబడటం పని కంటే కష్టం" అంది ఆవిడ, నాతో కాదు, పక్కనున్నామెతో. "ఇంటికి పోతే పిల్లలు చేతులకేసి చూస్తారు." తర్వాత నా వైపు తిరిగి, "ఇంతకీ గంటలో పొద్దు వాలుతుంటే ఏ ఆసామైనా కూలోళ్ళ కోసం వస్తాడా? పనుండి వచ్చుండడు నాయనా. ఆళ్ళ కోసమే వచ్చుంటాడు."

నేను ఆ కథ వందసార్లు చదివి ఉంటాను. అందులో నా కళ్ళు ఎప్పుడూ కూలి దగ్గరే ఆగేవి. యజమాని ఆ రోజు ఐదుసార్లు తనే అడ్డా మీదికి నడిచి వెళ్ళిన సంగతి చూడలేదు. ఏదో చెప్పి ముగించేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తుంటే ఇంకో ముక్క తగిలింది. తెల్లవారి వచ్చినవాళ్ళు రోజుకి ఇంత అని బేరం కుదుర్చుకుని తోటలోకి దిగారు. తర్వాత వచ్చినవాళ్ళకి బేరమే లేదు. న్యాయమైనది ఇస్తానన్నాడు యజమాని, ఆ ఒక్క మాట నమ్మి వెళ్ళారు. బేరాల మధ్య బతుకుతున్న గుమాస్తాని, నాకు అది కనపడకపోవడం ఏమిటి! విశ్వాసం అంటే ఇదే కదా అనుకుని రైల్వే గేటు దగ్గర సైకిలు దిగాను. గేటు తెరిచే ఉంది. అయినా కాసేపు నిలబడ్డాను. నేను చేస్తూ వచ్చింది బేరం. మంచం మీద నుంచి బాబాయి చేసింది నమ్మకం. సంస్కరణ పండుగకి ఏటేటా నేను ఉపన్యాసం ఇచ్చింది దేని గురించో, ఉపన్యాసాలన్నీ అయిపోయాక తెలిసింది.

బాబాయి ఇంకో పదకొండు రోజులు బతికాడు. నాలుగుసార్లు వెళ్ళాను. క్షమించమని అడగలేదు, నోరు రాలేదు. ఏమన్నా తింటావా అని అడిగితే మిరపకాయ బజ్జీ అన్నాడు. వేడివేడిగా తెచ్చాను. తినలేకపోయాడు, చేతిలో పట్టుకుని వాసన చూసి పిన్నికిచ్చేశాడు. పోయిన రోజు సమాధుల తోట దాకా పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అంతకు రెండు వారాల ముందు, ఆయన్ని ఆ తోటలో పెట్టనివ్వకూడదని సంఘ పెద్దల దగ్గర మాట్లాడాలని అనుకున్నవాణ్ణి. ఈ సంగతి మా పిన్నికి ఇప్పటికీ తెలియదు.

నోటుబుక్కు తగలబెట్టాననీ చించి పారేశాననీ అనుకోకండి. సగం తెల్లకాగితాలు మిగిలి ఉన్నాయి, పారేయడానికి మనసొప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆవిడ వాటిల్లో పాల లెక్క రాసుకుంది.

ఇంతా చెప్పి, బాగుపడ్డానని మాత్రం చెప్పలేను. పోయిన క్రిస్మస్‌కి మా సంఘంలో బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళు కూడా నిండని కుర్రాడికి వాక్యం చెప్పే అవకాశం ఇచ్చారు. ముందు వరసలో కూర్చున్నాను. పాస్టరుగారు అతని పేరు పిలవగానే, ఈ సంఘంలో నాది ఎన్నేళ్ళ సర్వీసో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలైంది. రెండో చేతికి వచ్చాక ఆపాను.